లాటరీ పైసలతో కొన్న ప్లాటు: కొన్న ధర రుజువు చేయలేని ఒక కేసు

హన్మకొండలో చార్టర్డ్ అకౌంటెంట్‌గా నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లవి ఎక్కువ. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ నుంచి కూడా వస్తారు. పిల్లల చదువుల కోసం కుటుంబం హన్మకొండలో ఉంటుంది, ఆస్తి కూడా ఇక్కడే కొని ఉంటారు. ఈ కేసు అలాంటిదే. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, ఇలాంటి మరో రెండు ఫైళ్ల వివరాలు కూడా కలిపాను. లెక్కల పద్ధతి, చట్టం మాత్రం ఉన్నవి ఉన్నట్టే. సెక్షన్ నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి, కానీ ఈ లావాదేవీలన్నీ పాత చట్టం కిందే జరిగాయి.

పైసలు ఎక్కడివి

క్లయింట్‌ది మెట్‌పల్లి వైపు ఒక ఊరు. అబుదాబిలో ఎలక్ట్రీషియన్‌గా పద్దెనిమిదేళ్లు చేశాడు. క్యాంపులో ఒకే రూమ్‌లో ఉండే పది మంది నెలనెలా కొన్ని దిర్హమ్‌లు వేసుకుని అక్కడి డ్రా టికెట్ కొనేవాళ్లు. టికెట్ మాత్రం ఒక్కరి పేరు మీదే ఉండేది. ఆయన నిర్మల్ మనిషి. 2021 చివర్లో ఆ టికెట్‌కు ప్రైజ్ తగిలింది. ఒక్కొక్కరికి ఆరు లక్షల దిర్హమ్‌లు, అప్పటి రేటు ప్రకారం దాదాపు 1 కోటి 20 లక్షల రూపాయలు.

ఇక్కడ చాలామంది ఒక మాట తప్పుగా వింటారు. లాటరీ మీద 30 శాతం పన్ను అన్నది నిజమే. సెక్షన్ 115బీబీ కింద లాటరీ, పేకాట, పందేలు, గుర్రప్పందేల గెలుపు మీద నేరుగా 30 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు. ఖర్చులు తీసివేయడానికి లేదు, బేసిక్ మినహాయింపు వర్తించదు, పోగొట్టుకున్నది సర్దుబాటు చేసుకోవడానికీ లేదు. అయితే అది భారతదేశంలో పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయం మీద. ఆ ఆర్థిక సంవత్సరంలో మన క్లయింట్ నాన్-రెసిడెంట్, అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు దేశం బయటే ఉన్నవాడు. గెలుపు అబుదాబిలో, చేతికొచ్చింది అబుదాబిలో. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ఇక్కడ ఆ ఆదాయానికి పన్ను వర్తించదు. ఎక్స్ఛేంజ్ హౌస్ ద్వారా తన ఎన్ఆర్ఈ ఖాతాకు (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడ పెట్టుకునే రూపాయల ఖాతా) పంపుకున్నాడు. రూపాయి పన్ను లేకుండా, రూపాయి దాచాల్సిన పని లేకుండా వచ్చిన డబ్బు అది.

నా సర్వీసులో ఇంత శుభ్రమైన డబ్బు తక్కువగా చూశాను. వ్యాపారి దగ్గర కోటి ఉంటే అందులో ఎంతో కొంత లెక్కలో లేనిది ఉంటుంది. పొలం అమ్మినవాళ్ల దగ్గర సగం క్యాష్ ఉంటుంది. ఈయన దగ్గర ప్రైజ్ ఉత్తరం, టికెట్ కాపీ, రూమ్మేట్ రాసిచ్చిన కాగితం, బ్యాంకు రెమిటెన్స్ అడ్వైజ్ అన్నీ ఉన్నాయి. ఆ కోటీ ఇరవై లక్షల అసలు బలం అదేనని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు.

2022 ఫిబ్రవరిలో వరంగల్

సెలవు మీద నెలన్నర కోసం వచ్చాడు. అప్పటి పరిస్థితి చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు, మామునూరు ఎయిర్‌పోర్టు, గీసుగొండ-సంగెం దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కు, మడికొండలో ఐటీ కంపెనీలు, ఇలా ప్రతి వెంచర్ బ్రోచర్ మీదా ఇవే నాలుగు బొమ్మలు. 2021 జులైలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం మీద 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది, భూముల ప్రభుత్వ విలువలు కూడా పెంచారు. 2022 ఫిబ్రవరి 1న మళ్లీ విలువలు పెంచారు. మామూలుగా అయితే ఇలాంటి పెంపుతో కొనేవాళ్లు కొంచెం ఆగాలి. బూమ్‌లో అలా జరగలేదు. ‘ప్రభుత్వమే పెంచిందంటే ఇంకెంత పెరుగుతదో చూడు’ అని మధ్యవర్తులు దాన్నే ఊపుకు వాడుకున్నారు.

ఇంకో సంగతి. ప్రభుత్వ విలువ ఎంత పెరిగినా బయటి ధరకు చాలా దూరంలోనే ఉండిపోయింది. కరీంనగర్ రోడ్డు మీద హసన్‌పర్తి వైపు గజం 12 వేలు నడుస్తుంటే ప్రభుత్వ విలువ 3 వేలు. ఈ తేడాలోనే కథంతా ఉంది.

క్లయింట్ డబ్బు ఇలా పంచుకున్నాడు. అప్పులు, చెల్లె పెళ్లి బాకీలు 15 లక్షలు. ఊళ్లో ఇంటి మీద పై అంతస్తు 25 లక్షలు. హసన్‌పర్తి వైపు 400 గజాల ప్లాటు 48 లక్షలు. ములుగు రోడ్డు వైపు అర ఎకరం పొలం 20 లక్షలు. మిగిలిన 12 లక్షల్లో రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా ఉన్నది డిపాజిట్.

అప్పులు తీర్చడం, ఇల్లు కట్టుకోవడం మీద నాకు మాట్లాడేదేమీ లేదు. గల్ఫ్ పోయేదే దానికోసం. ఆస్తులు రెండింటి దగ్గరే ఆగాలి.

అబుదాబిలో యాభై దిర్హమ్‌లు ఖర్చు పెట్టడానికి రెండు రోజులు ఆలోచించే మనిషి, 48 లక్షల ప్లాటు ఒక్క పూటలో ఖాయం చేశాడు. పొద్దున చూశాడు, సాయంత్రానికి బయానా ఇచ్చాడు. ఇలా చేసింది ఈయనొక్కడే కాదు. జీతం పొదుపు చేసి కొనేవాళ్లు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం) తీయిస్తారు, లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) అడుగుతారు, వకీలుకు చూపిస్తారు. గెలుచుకున్న డబ్బు పట్టుకుని వచ్చేవాళ్లు ఇవేవీ అడగకపోవడం చాలాసార్లు గమనించాను. ఆ డబ్బుకు వాళ్ల మనసులో చెమట ధర ఉండదు. ‘ఊరికే వచ్చినయి, ఊరికే పోకముందే ఏదో ఒకటి కొనాలె’ అన్న తొందర ఉంటుంది. చుట్టాలు అప్పు అడుగుతారన్న భయం ఒకటి, ధర రేపటికి పెరుగుతుందన్న భయం ఇంకొకటి. వెంచర్ వాళ్లకు ఈ రెండు భయాలూ బాగా తెలుసు.

దస్తావేజులో 12 లక్షలు

ప్లాటు అనుమతి లేని లేఅవుట్‌లోది. మొదట కొన్నాయన 2020లో ఎల్ఆర్ఎస్‌కు (అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు, అసలు ఫీజు కట్టలేదు. అంతకుముందే ఒకసారి రిజిస్ట్రేషన్ అయిన ప్లాటు కాబట్టి రీసేల్ రిజిస్ట్రేషన్ అయింది.

సేల్ డీడ్‌లో చూపింది గజానికి 3 వేల లెక్కన 12 లక్షలు. అది బ్యాంకు నుంచి పోయింది. మిగతా 36 లక్షలు క్యాష్. ఎందుకలా అని అడిగితే క్లయింట్ చెప్పిన జవాబు: ‘అందరు గట్లనే చేస్తరు సార్. మొత్తం రాస్తే రిజిస్ట్రేషన్‌కు 3 లక్షల 60 వేలు అయితయి, గిట్ల చేస్తే 90 వేలల్ల అయిపోతదన్నరు.’

మధ్యవర్తి లెక్క తప్పు కాదు. 48 లక్షల మీద 7.5 శాతం 3.60 లక్షలు, 12 లక్షల మీద 90 వేలు. మిగిలింది 2.70 లక్షలు. కాకపోతే ఆ ఏర్పాటు వల్ల అసలు లాభపడింది అమ్మినాయన. ఆయనకు 36 లక్షలు పన్ను లేకుండా చేతిలో పడ్డాయి. అమ్మేవాడి అవసరాన్ని కొనేవాడి పొదుపుగా చూపించడంలోనే మధ్యవర్తి నేర్పు. బ్లాక్‌తో అవసరం ఉన్నది అమ్మకందారుకు. మన క్లయింట్ దగ్గర ఉన్నదంతా వైట్. ఆయనకు దాచాల్సింది ఏమీ లేదు.

ఇక్కడ పన్ను ఎగిరిపోలేదు, చేతులు మారింది. అమ్మినాయన చూపించని లాభం ప్లాటుతో పాటు క్లయింట్ పేరుకు బదిలీ అయింది. ఆ వరసలో ఎవరు మొదట పూర్తి ధరకు బ్యాంకు ద్వారా అమ్ముతారో, ముందువాళ్లందరి పన్నూ వాళ్ల మీద పడుతుంది. బూమ్ నడిచినన్నాళ్లూ ఎవరికీ నొప్పి తెలియదు, ఎందుకంటే తరవాత కొనేవాడు కూడా క్యాషే తెస్తాడు. మార్కెట్ చల్లబడి, లోను తీసుకుని కొనే ఉద్యోగస్తులు మాత్రమే మిగిలినప్పుడు అసలు లెక్క బయటికి వస్తుంది.

క్యాష్ తీయడంలోనూ ఒక దెబ్బ తగిలింది. ప్లాటుకు 36, పొలానికి 14, మొత్తం 50 లక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖాతా నుంచి తీశాడు. ఈయన ఎప్పుడూ రిటర్న్ వేసినవాడు కాదు. మూడేళ్లుగా రిటర్న్ వేయనివాళ్లు ఏడాదిలో 20 లక్షలు దాటి క్యాష్ తీస్తే సెక్షన్ 194ఎన్ కింద 2 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను. 30 లక్షల మీద 60 వేలు బ్యాంకు కోసేసింది. ఎస్ఎంఎస్ చూసి బ్యాంకు చార్జీలు అనుకున్నాడట. ఆ ఏడాది రిటర్న్ వేసి ఉంటే 60 వేలూ వెనక్కి వచ్చేవి.

2025 మార్చి: అమ్మకం

2023లో ఉద్యోగం వదిలి వచ్చేశాడు. మెట్‌పల్లిలో మోటార్ల రిపేర్ షాపు పెట్టుకున్నాడు, ఏడాదికి నాలుగు లక్షల దాకా ఆదాయం. పెద్ద బిడ్డ చదువుకు 20 లక్షలు కావాల్సి వచ్చి ప్లాటు అమ్మకానికి పెట్టాడు. గజం 12 వేలకు కొన్నది మూడేళ్ల తరవాత 11,500కు బేరం కుదిరింది, 46 లక్షలు. కొంటున్నది భూపాలపల్లిలో పనిచేసే సింగరేణి ఉద్యోగి, బ్యాంకు లోను మీద. అగ్రిమెంట్‌లో 40 లక్షలు రాద్దాం, 6 లక్షలు క్యాష్ అన్నది వాళ్ల ప్రతిపాదన. అప్పుడు నా దగ్గరికి వచ్చారు, ‘పన్ను ఏమన్నా ఉంటదా’ అని అడగడానికి.

నేను కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. కొన్న ధర దస్తావేజు ప్రకారం 12 లక్షలు, రిజిస్ట్రేషన్ 90 వేలు, మొత్తం 12.90 లక్షలు. 46 లక్షలకు అమ్మితే లాభం 33.10 లక్షలు. 2024 జులై 23 తరవాత అమ్మకం కాబట్టి దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన 4 శాతం సెస్సు. మొత్తం 4 లక్షల 30 వేలు. ఆ తేదీకి ముందే కొన్న స్థలం, అమ్మే ఏడాదికి ఆయన రెసిడెంట్, కాబట్టి పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో (ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి) 20 శాతం కూడా వేసి చూడొచ్చు. 2021-22 సూచీ 317, 2024-25ది 363. కొన్న ధర 14.77 లక్షలకు పెరుగుతుంది, పన్ను మాత్రం సెస్సు కాక 6.24 లక్షలు దాటుతుంది. ధరలు పైకి పోయినంత సూచీ పోలేదు కాబట్టి ఇలాంటి ప్లాట్లకు 12.5 శాతమే నయం. షాపు ఆదాయంతోనే బేసిక్ మినహాయింపు అయిపోయింది, అక్కడ కూడా ఊరట లేదు.

‘నేను 48 పెట్టి కొన్న, 46కు అమ్ముతున్న. రెండు లక్షలు పోయినయి. లాభం ఎక్కడిది సార్?’

ఆయన ప్రశ్న న్యాయమైనదే. పూర్తి ధర రాయించుకుని ఉంటే కొన్న ఖర్చు 51.60 లక్షలు, అమ్మింది 46. కాగితం మీద కూడా 5.60 లక్షల నష్టం కనబడేది, దాన్ని ఎనిమిదేళ్ల దాకా వేరే దీర్ఘకాలిక లాభంలోంచి తీసుకునే వీలుండేది. 2.70 లక్షల రిజిస్ట్రేషన్ మిగుల్చుకోవడానికి ఆ నష్టాన్ని వదులుకుని, 4.30 లక్షల పన్ను తెచ్చుకున్నాడు.

అసలు ధర 48 అని రిటర్న్‌లో చూపించవచ్చా అన్నది తరవాతి ప్రశ్న. దీనిమీద నేను కొంచెం ఆగి ఆలోచించాను, ఎందుకంటే మామూలు కేసుల కంటే ఈయన స్థితి మెరుగు. మామూలుగా ‘క్యాష్ ఇచ్చాను’ అంటే ‘ఆ క్యాష్ ఎక్కడిది’ అని అడుగుతారు. జవాబు లేకపోతే సెక్షన్ 69బీ కింద లెక్క చెప్పలేని పెట్టుబడి, దాని మీద 115బీబీఈ కింద పన్ను, సర్‌చార్జి, సెస్సుతో కలిపి అప్పటి లెక్కన 78 శాతం. ఈయనకు ఆ భయం లేదు. క్యాష్ ఎన్ఆర్ఈ ఖాతాలోంచి తీసింది, తేదీలు రిజిస్ట్రేషన్ వారంతో సరిపోతున్నాయి. 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే పడే పెనాల్టీ కూడా పుచ్చుకున్నవాడికే, ఇచ్చినవాడికి కాదు.

కానీ ఖాతాలోంచి తీసినట్టు రుజువైతే సరిపోదు, అది అమ్మినాయన చేతికి చేరినట్టు రుజువు కావాలి. గజానికి 12 వేలని రాసుకున్న బయానా కాగితం ఒకటి ఉండేది. రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయటే దాన్ని వాపస్ తీసుకుని చింపేశారు. అది ఇక్కడి ఆనవాయితీ. అమ్మినాయనను అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఒప్పుకుంటే ఆయనకు 36 లక్షలంత పెనాల్టీ, పన్ను, వడ్డీ. ఎందుకు ఒప్పుకుంటాడు? రిజిస్టర్ అయిన దస్తావేజులో 12 లక్షలు అని సంతకం పెట్టి, తరవాత నోటిమాటతో కాదు 48 అంటే సాక్ష్యం చట్టం ముందు నిలవడం కష్టం. 48 చూపించవద్దని చెప్పాను. క్లయింట్‌కు నచ్చలేదు. ఇంకో ఆడిటర్‌ను కూడా అడిగి వచ్చాడు.

ఆ తరవాత వచ్చిన ఆలోచన ఊహించిందే. ‘నేను కూడా 12కే రాసిస్త, మిగతాది క్యాష్ తీసుకుంట.’ లోను తీసుకునే కొనుగోలుదారుతో అది కుదరదు. కుదిరినా నేను వద్దనేవాణ్నే. ఇప్పుడు 34 లక్షల క్యాష్ తీసుకుంటే పుచ్చుకున్నవాడు ఈయనే అవుతాడు, పెనాల్టీ ఈయన మీదికే వస్తుంది. బిడ్డ ఫీజు కాలేజీకి బ్యాంకు ద్వారా కట్టాలి, ఆ క్యాష్ ఖాతాలో వేస్తే ఇన్నాళ్లూ లేని 78 శాతం సమస్య అప్పుడు మొదలవుతుంది. ఆరు లక్షల క్యాష్ సంగతి కూడా తేల్చేశాం. దానివల్ల మిగిలే పన్ను 78 వేలు. దానికోసం లెక్క చెప్పలేని ఆరు లక్షలు ఇంట్లో పెట్టుకోవడం అనవసరం అన్నాను. కొనుగోలుదారుకు లోను కొంచెం పెంచి ఇచ్చారు, 46 లక్షలూ దస్తావేజులోకి వచ్చాయి.

ఎల్ఆర్ఎస్ కాని ప్లాటుకు బ్యాంకు లోను ఇవ్వదు. అదృష్టవశాత్తు ఆ మార్చిలోనే ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ ఫీజు మీద 25 శాతం రాయితీ ఇచ్చింది. ఖర్చు కొనుగోలుదారు పెట్టుకునేట్టు ఒప్పించారు. మధ్యవర్తి చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే.

పన్ను తగ్గించడానికి రెండు దారులు మిగిలాయి. సెక్షన్ 54ఎఫ్ కింద వచ్చిన మొత్తంతో ఇల్లు కొంటే లేదా మూడేళ్లలో కడితే మినహాయింపు. ఊళ్లో ఒక ఇల్లు ఉన్నా అర్హతకు అడ్డం లేదు. కానీ డబ్బు కావాల్సింది చదువుకు. 2022లో కట్టిన పై అంతస్తు దీనికి పనికిరాదు, అది అమ్మకానికి ముందే అయిపోయింది. రెండోది 54ఈసీ బాండ్లు, లాభంలో ఎంత పెడితే అంతమేరకు పన్ను పడదు. ఫీజు 20 లక్షలు, పన్ను, చేబదులు తీర్చడం పోగా 15 లక్షలు బాండ్లలో పెట్టించాం. పన్ను 4.30 నుంచి 2.35 లక్షలకు దిగింది. ఈ బాండ్లు అయిదేళ్లు కదలవు, వడ్డీ 5.25 శాతమే, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను. బ్యాంకు డిపాజిట్‌తో పోలిస్తే అయిదేళ్లలో దాదాపు 1.30 లక్షల వడ్డీ తక్కువ వస్తుంది. కాబట్టి నికరంగా మిగిలేది అరవై, డెబ్భై వేలు. అయినా సరే అన్నాను. డబ్బు కదలకుండా ఉండటం ఈయన విషయంలో మంచిదే. అప్పటికే ఒక చుట్టం శంషాబాద్ దగ్గర ఏదో ప్రీ-లాంచ్ ఆఫర్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మకం ఇంకా ముందే, ఆయన నాన్-రెసిడెంట్‌గా ఉన్న ఏడాదిలో జరిగి ఉంటే కొనుగోలుదారు సెక్షన్ 195 కింద పెద్ద మొత్తంలో టీడీఎస్ కోయాల్సి వచ్చేది. 50 లక్షల లోపు అయినా సరే. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల దగ్గర కొనేవాళ్లు ఈ సంగతి చాలాసార్లు మర్చిపోతారు, తరవాత నోటీసు కొన్నవాళ్లకు వస్తుంది.

అదే టికెట్, ఇంకో మనిషి

ఆ పది మందిలో క్లయింట్ బావమరిది ఒకడు. 2017లో వెళ్లి, 2021 ఆగస్టులో ఉద్యోగం పోయి వచ్చేశాడు. కానీ టికెట్ గుంపులోంచి తప్పుకోలేదు, తన వంతు అక్కడివాళ్లు వేస్తూ వచ్చారు. అతనికీ అదే 1 కోటి 20 లక్షలు. నిర్మల్ ఆయన నేరుగా ఇతని ఇక్కడి సేవింగ్స్ ఖాతాకు పంపాడు.

ఆ ఆర్థిక సంవత్సరంలో ఇతను ఇక్కడ ఏడు నెలలకు పైగా ఉన్నాడు. రెసిడెంట్. గల్ఫ్‌లో ఉన్నది నాలుగేళ్లే కాబట్టి, ఎక్కువ కాలం బయట ఉండి వచ్చినవాళ్లకు కొన్నేళ్లు దొరికే వెసులుబాటు కూడా లేదు. ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్ను కట్టాలి. 30 శాతం అంటే 36 లక్షలు, కోటి దాటింది కాబట్టి 15 శాతం సర్‌చార్జి, సెస్సు. మొత్తం 43 లక్షల 5 వేల పైన. బావకు సున్నా. తేడా కేవలం ఆ ఏడాది ఎవరు ఎన్ని రోజులు ఎక్కడున్నారన్నదే.

ఇతను ఆస్తి కొన్న తీరు మాత్రం బావ కంటే ఎంతో పద్ధతిగా ఉంది. హన్మకొండలో 65 లక్షల ఫ్లాటు, మొత్తం బ్యాంకు ద్వారా, మొత్తం దస్తావేజులో. అప్పటి నిబంధన ప్రకారం 30 లక్షలు, ఆపైన రిజిస్ట్రేషన్లను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి. రిటర్న్ లేదు, 65 లక్షల ఆస్తి ఉంది, నోటీసు వచ్చింది. క్యాష్‌లో కొన్న బావకు ఏ నోటీసూ రాలేదు. ఇది విని ‘చూసిండ్రా, వైట్‌ల కొంటే గిట్లయితది’ అన్నవాళ్లు మా ఆఫీసు వెయిటింగ్ హాల్లోనే ఉన్నారు. నోటీసు వచ్చింది వైట్‌లో కొన్నందుకు కాదు, పన్ను పడే ఆదాయానికి రిటర్న్ వేయనందుకు. ఆ ఏడాదే కట్టి ఉంటే 77 లక్షలు ఏ భయం లేకుండా మిగిలేవి. ఇప్పుడు పన్ను మీద మూడేళ్ల వడ్డీ, పెనాల్టీ. బావ ఇచ్చిన గిఫ్ట్ అని రాద్దామన్న ఆలోచనా చేశారు. పంపింది బావ కాదు, నిర్మల్ ఆయన. తన వంతు వేసుకున్న టికెట్ వాటా ఎవరు పంపినా గిఫ్ట్ కాదు. ఆ ఫైలు వేరే వాళ్ల దగ్గర ఉంది, నేను అభిప్రాయం మాత్రమే చెప్పాను.

ఇంకో మాట. ఇక్కడినుంచే ఫోన్‌లో గల్ఫ్ డ్రా టికెట్లు కొనేవాళ్లు మా జిల్లాల్లో ఉన్నారు. లాటరీ టికెట్ల కోసం దేశం బయటికి డబ్బు పంపడం విదేశీ మారకం చట్టం ఫెమా నిబంధనల ప్రకారం నిషిద్ధం. గెలిచినా చెప్పుకోలేని గెలుపు అది.

అర ఎకరం పొలం

దీన్ని క్లయింట్ నాకు చివరికి, మాటల మధ్యలో చెప్పాడు. 2022లో తన పేరు మీదే ధరణిలో రిజిస్ట్రేషన్ అయింది, పాస్‌బుక్ వచ్చింది. అప్పటికి ఆయన ఎన్ఆర్ఐ. ఎన్ఆర్ఐలు ఇక్కడ ఇళ్లు, ఫ్లాట్లు, ప్లాట్లు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్ హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఆధార్ ఉంది, రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి అంతా సవ్యం అనుకున్నాడు. భార్య ఇక్కడే ఉంది, ఆమె పేరు మీద కొని ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు. భర్త తన లెక్కలో ఉన్న డబ్బుతో భార్య పేరున కొనడం బినామీ కూడా కాదు.

ఫెమా చట్టంలో పెనాల్టీ ఉల్లంఘన మొత్తానికి మూడింతల దాకా ఉంది. తానే ముందుకెళ్లి రిజర్వ్ బ్యాంకు దగ్గర కాంపౌండింగ్‌కు (ఉల్లంఘన ఒప్పుకుని కొంత మొత్తం కట్టి తేల్చుకోవడానికి) దరఖాస్తు పెట్టుకుంటే అంత దూరం పోదు. ఫెమా చూసే ఒక వకీలుకు అప్పగించాం. ఇక్కడ కూడా దస్తావేజులో 6 లక్షలే, 14 క్యాష్. దరఖాస్తులో ఎంతకు కొన్నానని రాయాలన్న దగ్గర మళ్లీ అదే చిక్కు వచ్చింది.

అమ్మేటప్పుడు ఆదాయపు పన్ను పడుతుందా లేదా అన్నది దూరం మీద ఆధారపడుతుంది. లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా కొలిస్తే 6 కిలోమీటర్లు దాటిన వ్యవసాయ భూమి క్యాపిటల్ ఆస్తి కిందికి రాదు, పన్ను లేదు. గ్రేటర్ వరంగల్‌లో చుట్టూ ఉన్న ఊళ్లు కలిశాక హద్దు జరిగింది. వెంచర్ వాళ్లు చెప్పే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ‘కుడా పరిధి’కీ దీనికీ సంబంధం లేదు. సర్వే నంబర్ మీద కొలత సర్టిఫికెట్ తెమ్మన్నాను.

ముందే వచ్చి ఉంటే

2022లో బయానాకు ముందు వచ్చి ఉంటే ఏం చెప్పేవాణ్ని అని ఆయనే అడిగాడు. నిజాయితీగా లెక్క వేసి చూపించాను. మొత్తం వైట్‌లో కావాలని అడిగితే అమ్మినాయన అప్పట్లో గజానికి 1,500 ఎక్కువ అడిగాడట. 400 గజాలకు 6 లక్షలు. రిజిస్ట్రేషన్ తేడా కలిపితే 9 లక్షలు దాటుతుంది. తరవాత పడిన పన్ను 4.30. ఉత్త కూడికలు, తీసివేతలు చూస్తే క్యాషే చవక. మధ్యవర్తులు ఈ లెక్కే చెబుతారు, అందుకే గెలుస్తారు.

నా జవాబు వేరే. వైట్‌కు ఆరు లక్షలు ఎక్కువ అడుగుతున్నాడంటే తన పన్ను ఎవరు భరించాలో ఆ అమ్మకందారు ముందే తేల్చుకున్నాడు. ఆ ప్లాటు అక్కడే వదిలేయాలి. ఆ ఏడాది వరంగల్ చుట్టూ ప్లాట్లకు కొరత లేదు, కొనేవాళ్ల ఓపికకే కొరత. కుడా తన లేఅవుట్లలో బహిరంగ వేలంలో ప్లాట్లు అమ్ముతుంది, మొత్తం బ్యాంకులోనే కట్టాలి, రెండో ధర ఉండదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉన్న వెంచర్లలో కొంతమంది పూర్తి ధర రాసిస్తారు. గజం ధర ఎక్కువ పడుతుంది, 400 గజాలకు బదులు 250 వస్తాయి. సింగరేణి ఉద్యోగి లాంటి కొనుగోలుదారు దొరికిన రోజు ఆ 250 గజాలకు లెక్క చెప్పడానికి ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు ఫైలులో మిగిలినవి: 194ఎన్ కింద పోయిన 60 వేల కోసం ఆలస్యాన్ని మన్నించమని పెట్టిన దరఖాస్తు, కాంపౌండింగ్, పొలం దూరం సర్టిఫికెట్. ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించాం. తిరిగొచ్చి ఏడాదిన్నర అయినా బ్యాంకుకు చెప్పలేదు, ఆ డిపాజిట్ వడ్డీని కూడా రిటర్న్‌లో చూపించాం. క్లయింట్ మెట్‌పల్లిలో షాపు కోసం చిన్న స్థలం చూస్తున్నాడు. బయానా ఇవ్వకముందు అమ్మేవాళ్ల బ్యాంకు ఖాతా నంబర్ తీసుకుని రమ్మన్నాను. ఇప్పటికి ఇద్దరు అమ్మకందారులు ఇవ్వనన్నారట.